చెప్పకుండా పోయినవాళ్ల పీటలు

మా ముత్తాతను ఏడూళ్ల దొర అనేవారు. ఆయన తండ్రికి అంతకంటే పొడుగు బిరుదు ఉండేదట, కానీ దాన్ని ఒక్క గుక్కలో పలకగలవాళ్లు మా ఇంట్లో ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆ రోజుల్లో నర్సంపేట అంగట్లోకి మా గడి (కోటలాంటి మా దొరల ఇల్లు) బండి వస్తే మిగతా బండ్లు పక్కకు జరిగేవట, పత్తి తూచేవాడు తూకం ఆపి నిలబడేవాడట. మా తాతగారి కాలానికి ఏడూళ్లలో ఆరు చేజారాయి. ఏడోది కూడా పేరుకే మాది. అయినా ఆయన వెన్ను వంగలేదు. నాదీ వంగదు (ఎముకల డాక్టరు దీనికి వేరే పేరు పెట్టాడు, ఆయన మాట నేను లెక్కచేయను). ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి ఉద్యోగంలో జరిగిన ఒక గొడవలో నాదే తెలివితక్కువతనమని ఆఫీసంతా తీర్మానించింది. అది తెలివితక్కువతనం కాదు, మా ఇంటి మర్యాద. మర్యాద తెలియని యంత్రాల మధ్య పడి దానికి చెడ్డపేరు వచ్చింది.

మా తాతగారికి పీటల దొర అని పేరు. గడిలో భోజనాల సావిట్లో పన్నెండు జిట్రేగి చెక్క పీటలు ఉండేవి. ఒక్కోదాన్ని ఎత్తడానికి బలమైన మనిషి కావాలి. నాలుగు మూలలా వెండి పూలు పొదిగి ఉండేవి. ఆ పూలను తాతగారు ఎవరినీ తోమనిచ్చేవారు కాదు. వచ్చినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం అందరిళ్లలోనూ ఉన్నదే. మా ఇంటి ఘనతంతా సాగనంపడంలో ఉంది. తిన్నవాడు చేయి కడుక్కుని, తాతగారి ఎదుటికి వచ్చి 'పోయొస్త' అనాలి. తాతగారు 'మంచిది' అనాలి. ఆ రెండు మాటలూ పడ్డాకే పనివాడు పీట ఎత్తి గోడకు ఆనించేవాడు. అప్పుడే అది ఇంకొకరిది అయ్యేది. చెప్పకుండా పోయినవాడు మా ఇంటి లెక్కలో పోయినవాడు కాదు. అతని పీట అతనిదే. ఒకసారి చెరువు కట్ట కొలవడానికి వచ్చిన ఓవర్సీయరు పప్పులో ఉప్పు గురించి ఏదో అన్నాడు, తాతగారు ఓవర్సీయర్ల గురించి ఏదో అన్నారు. ఆయన చేయి కడుక్కుంటానని లేచి, బయటికెళ్లి, సైకిలెక్కాడు. కావలివాడు పరుగెత్తుకొచ్చాడు.

"దొరా, ఓవర్సీయరు సారు పోయిండు."

"నాకు చెప్పిండా?"

"లేదు దొరా. నేను కండ్లార సూసిన. వరంగల్ తొవ్వ వట్టిండు."

"పీట నీదా, ఆయనదా?"

"ఆయనదే దొరా."

"మరి నువ్వు చెప్తె నేనెట్ల ఎత్తిస్త? రేపొచ్చి నా పీటేది అంటే నువ్వు జవాబిస్తవా?"

ఓవర్సీయరు రేపూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పీట మాత్రం పరిచే ఉంది. రోజూ దుమ్ము దులిపేవారు, ఎవరూ కూర్చునేవారు కాదు. తర్వాత ఎన్నికల్లో ఓడి, ఆ సంగతి అన్నం మధ్యలో విని లేచిపోయిన ఒకాయన. పెళ్లిచూపుల మధ్యలో ముఖం తిప్పుకుని వెళ్లిపోయిన ఒకావిడ (మా మేనత్తకు అత్త కావలసినావిడ). ఇలా మర్యాద తెలియనివాళ్లు పెరిగేకొద్దీ మాకు కూర్చునే చోటు తగ్గింది. నేను ఇంజనీరింగు పాసైన నాటికి పన్నెండు పీటలూ నిండిపోయాయి. వాటి మీద మనుషులు లేరు, అంతే తేడా. నేను పాసైనందుకు పెట్టిన విందులో మా చుట్టాలు ప్లాస్టిక్ కుర్చీల్లో పళ్లేలు ఒళ్లో పెట్టుకుని, ఆ ఖాళీ పీటల వరసను చూస్తూ తిన్నారు. ఇంట్లో మా నాయనమ్మ ఒక్కతే ఈ పద్ధతిని ఒప్పుకునేది కాదు. ఆమె వంటింట్లోంచి ఒక్కొక్కరినీ ఉద్దేశించి "మజ్జిగ పొయ్యమంటరా?" అని కేకేసేది. ఉన్నవాళ్లు పొయ్యమనో చాలనో పలికేవాళ్లు. పలుకు రాకపోతే "ఆయన లేడు, పోయిండు. పీట ఎత్తుండ్రి" అనేది. ఆమె మాట ఎవరు వింటారు? ఆమె గడికి దొరసానే కావచ్చు, పీటలు దొరవి.

ఇక ఉద్యోగం సంగతి. మా వంశంలో ఒకరి కింద పనిచేసిన మొదటివాణ్ణి నేను. హన్మకొండలో ఒక టిఫిన్ సెంటరు పైఅంతస్తులో చిన్న కంప్యూటరు కంపెనీ ఉండేది. పొద్దున్నే దోశ వాసన, మధ్యాహ్నం మాడిన దోశ వాసన. నాకు పని చెప్పే ఆమెను అందరూ కాశిబుగ్గ అక్క అనేవారు. వరంగల్ కాశిబుగ్గలో మగ్గాల ఇంట్లో పుట్టింది, నోరు మగ్గంలో నాడె కంటే వేగంగా ఆడేది. నా పక్క సీటువాణ్ణి చాయ్ భాయ్ అనేవాళ్లం. పని చేసేదానికంటే చాయ్ తాగేదే ఎక్కువ. నేను చేరిన రోజే అక్క నన్ను పైనుంచి కిందికి చూసి, "వెన్నుల కట్టె వెట్టుకొచ్చినవా తమ్మీ, జర కూసో" అంది. ఆ రోజు నుంచి ఆఫీసులో నా పేరు దొర. అది గౌరవంతో పెట్టిన పేరు కాదని నాకు తెలుసు. అయినా పలికాను. ఆ పేరు నాకు హక్కుగా వచ్చింది, వాళ్లు ఇచ్చింది కాదు.

మా పనంతా ఎక్కడో సముద్రాల అవతలున్న ఒక బీమా కంపెనీది. వాళ్ల దగ్గర మెయిన్‌ఫ్రేమ్ అనే ఒక మహా యంత్రం ఉంది. దాని గొప్పతనం ఏమిటంటే, ఉన్నది తానొక్కటే అయినా లోపల వందల యంత్రాలున్నట్టు నటిస్తుంది. ప్రతి గుమస్తాకూ తనకొక సొంత యంత్రం ఉందనిపిస్తుంది. ఆ ఉత్తుత్తి యంత్రాల్లో ఒకటి పాలసీల వివరాలన్నీ దగ్గర పెట్టుకుని అడిగినవారికి ఇస్తుంది, దాన్ని సర్వర్ అంటారు. మిగతావి క్లయింట్లు. అవి ఒక్కొక్కటీ సర్వర్ దాకా దారి వేసుకుని వస్తాయి, అడుగుతాయి, తీసుకుంటాయి, దారి తెంచుకుని పోతాయి. సర్వర్ దగ్గర ఒకేసారి ఇన్ని దారులకే చోటు. వీటన్నిటి మీదా ఒక పెద్ద కాపలా ప్రోగ్రాం ఉంటుంది. ఏ క్లయింటైనా చెప్పకుండా ఆగిపోతే, ఆ కాపలాదారు సర్వర్‌కు కబురు పెడతాడు: అవతలివాడు పోయాడు, దారి తెగింది. అప్పుడు సర్వర్ తన వైపు కొసను కూడా తెంచుకోవాలి. తెంచకపోతే ఆ చోటు నిండినట్టే లెక్క. వచ్చే క్లయింట్లను కూర్చోబెట్టి, అవి పోయినప్పుడు గుర్తించి సాగనంపే ప్రోగ్రాం రాయమని నాకు చెప్పారు. ఇది మా రక్తంలో ఉన్న పని! నేను ఉప్పొంగి, ఎవరినీ అడగకుండా, మా గడి పద్ధతిలోనే రాశాను. క్లయింటు స్వయంగా వచ్చి సెలవంటే దారి విడిచిపెడుతుంది. కాపలాదారు కబురు తెస్తే వింటుంది, వినడం వరకే.

ఆ వారం నాకు చాలా ముఖ్యమైన వారం. శుక్రవారం మేనేజరు సారు నన్ను పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో తేల్చాలి. ఊళ్లో తాతగారి తర్వాత ఇంటి పెద్దయిన బాపు, అంటే మా నాన్న, దానికోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాడు. హన్మకొండ నుంచి పాత సామాన్ల దుకాణం ఆయన అప్పటికే గడికి వచ్చి, పీటల చుట్టూ తిరిగి, తట్టి చూసి పోయాడు. బాపు ఫోనులో తెగేసి చెప్పాడు. "నీ నౌకరి పక్కా అయితే వాటిని ముట్టం. కాకుంటే ఇల్లు నడవాలె గద, ఇచ్చేస్త. కాని అవి మనయి కావురా, పోయినోళ్లయి. పరాయోళ్ల పీటలమ్ముకున్నరు అనే మాట నీ మూలంగ వస్తది." తాతగారి నోటి మాట మీద నిలబడిన పీటలు నా ఉద్యోగం మీద నిలబడ్డాయన్నమాట.

సోమవారం ప్రోగ్రాం అక్కడ నడవడం మొదలైంది. బుధవారం పదకొండింటికి (వాళ్లకు మధ్యాహ్నం) బీమా కంపెనీ నుంచి ఫోను. గుమస్తాలెవరూ లోపలికి పోలేకపోతున్నారు, చోటు లేదంటోంది. అక్క తన తెర మీద చూసి, మళ్లీ చూసి, కుర్చీ తిప్పింది.

"ఏంది దొరా ఇది? అన్ని జాగలు నిండినయ్ అంటాంది నీ ప్రోగ్రాం. లోపల సూస్తే ఒక్కడు లేడు!"

"ఉన్నరక్కా. వాళ్లు ఇంక సెలవు తీసుకోలేదు."

"ఎవలు?"

"క్లయింట్లు."

"అరే, వాళ్లు నిన్న మొన్ననే మిషిన్లు బంజేసి ఇండ్లకు పోయిండ్రు గద! కాపలా ప్రోగ్రాం నీకు కబురు వెట్టలేదా?"

"పెట్టింది."

"పెడితే నువ్వేం జేసినవ్?"

"విన్న."

"విని?"

"ఊకున్న."

చాయ్ భాయ్ తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. అక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. పోయేవాడు ఒక్క మాట చెప్పి పోతే ఏం పోయింది? వచ్చేటప్పుడు దారి వేసుకుని, నేను వచ్చానని చెప్పి, వడ్డించింది తిని, పోయేటప్పుడు నోరు పడిపోయిందా? తప్పు చేసింది వాళ్లు, తిట్లు తింటున్నది నేను. ఈ న్యాయం ఎక్కడిదని అడిగాను. అడిగి ఊరుకోకుండా తాతగారి సంగతి, ఓవర్సీయరు సంగతి, పన్నెండు పీటల సంగతి నిలబడి పూసగుచ్చినట్టు చెప్పాను. అక్క మొత్తం విన్నది. ఆమె అంతసేపు నోరు మూసుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"మా తాత గూడ గిట్లనే గడీలకు పంచెల మూట మోసుకపోయెటోడు," అంది చివరికి. "ఆయనకు పీటేసిండ్రా మీరు?"

"మా గడికి వచ్చిండో లేదో…"

"వచ్చినా మీకేం తెలుస్తది? వాకిట్ల నిలబెట్టి మాట్లాడినోడు వచ్చినట్టే మీకు లెక్క లేదు, ఇగ పోయినట్టు ఎట్ల తెలుస్తది? పోయినోళ్లకేమొ ఏండ్లకేండ్లు పీటలేసి పెడ్తిరి."

దీనికి తగిన జవాబు ఉండే ఉంటుంది. నేను ఇంకా వెతుకుతున్నాను (దొరికిన రోజు ఆమెకు ఫోను చేస్తాను).

అక్క నన్ను లేపి నా కుర్చీలో కూర్చుని, చకచకా రెండు మార్పులు చేసింది. ఒకటి, కాపలాదారు కబురు తెచ్చిన మరుక్షణం ఆ దారి తెంచేయడం. రెండోది ఇంకో రకంవాళ్ల కోసం. గుమస్తా ముందున్న తెరకు మెయిన్‌ఫ్రేమ్‌తో లంకె ఊడిపోతుంది, అతను లేచి పోతాడు, కానీ అతని ఉత్తుత్తి యంత్రం మాత్రం లోపల బతికే ఉంటుంది. అది ఆగలేదు కాబట్టి కాపలాదారు కబురు పెట్టడు. అలాంటివాళ్ల కోసం అక్క రాసింది ఏమిటంటే, కాసేపు చప్పుడు లేకుండా ఉంటే చాలు, మెడపట్టి గెంటడం! నేను ఊరుకోలేకపోయాను. "అక్కా, తినేటప్పుడు ఒకడు మాట్లాడుత లేడని ముంగటి ఇస్తరాకు గుంజేస్తమా?" అన్నాను. "హోటల్ల గట్లనే గుంజుతరు, కింద దోశల సెంటర్ల సూడు పో" అంది. మధ్యాహ్నం భోజనానికి లేవకముందే మళ్లీ ఫోను మోగింది. ఈసారి ఇంకా గట్టిగా. నెలాఖరు లెక్కలు కట్టే యంత్రం ఒకటి కావలసింది తీసుకుని, తన మానాన తాను లెక్క కట్టుకుంటూ మౌనంగా కూర్చుందట. దాన్ని సగంలో గెంటేశాం. మేనేజరు సారు గదిలోంచి బయటికి వచ్చి మా ఇద్దరినీ చూశారు. "ఒకలేమో పోయినోన్ని పోనియ్యరు, ఒకలేమో ఉన్నోన్ని ఉండనియ్యరు. శుక్రారం దాక టైం. అప్పటికి కాలేదంటే ఇద్దర్ల ఒకలకు చెప్పకుంటనే సెలవిస్త," అన్నారు. ఒకరంటే ఎవరో అందరికీ తెలుసు. పర్మనెంటు కానివాణ్ణి నేనొక్కణ్ణే.

భోజనానికి కిందికి దిగాం. విస్తరి ముందు కూర్చున్నాను. పీటలు బండికెక్కడం కళ్లముందు కనపడుతోంది. చాయ్ భాయ్ తన డబ్బా మూత తీసి, మజ్జిగ సీసా పైకెత్తి, "దొర సాబ్, పొయ్యాల్నా?" అన్నాడు. నేను పలకలేదు. "ఓ దొర సాబ్, ఉన్నరా, పోయిండ్రా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. విస్తరి కూడా ఎత్తకుండా మెట్లెక్కాను (నేను చెప్పకుండా లేచిపోయింది జీవితంలో ఆ ఒక్కసారే). వంటింట్లోంచి నాయనమ్మ వేసే కేక నా చెవుల్లో మోగుతోంది. మౌనంగా ఉన్నవాణ్ణి గెంటనక్కర లేదు, పోయినవాడి కోసం కాపలా కాయనక్కర లేదు. అడిగితే సరి! సర్వర్ అప్పుడప్పుడూ ప్రతి దారి వెంటా ఒక చిన్న ప్రశ్న పంపుతుంది. లోపల పని చేసుకుంటున్న యంత్రం, తెర ఊడినా సరే, దానికి పలుకుతుంది. పలికితే దాని చోటు దానిదే. మళ్లీ మళ్లీ అడిగినా పలకకపోతే అది లేనట్టే, దారి తెంచి చోటు ఖాళీ చేయవచ్చు. ఇది గెంటడం కాదు, అడిగి ఎత్తడం. ఇందులో మర్యాదకు లోటేమీ లేదు. అక్క చదివి, "మంచిగనే ఉంది. ఎవలు చెప్పిండ్రు?" అంది. మా నాయనమ్మ అన్నాను. "దొరను గాకుండ దొరసానిని నౌకరికి పంపాల్సుండె మీవోళ్లు," అంది. ఆ భాగానికి నేను మజ్జిగ అని పేరు పెట్టాను. కాపలాదారు కబురును కూడా నమ్మవలసి వచ్చింది. అది నేను రాయలేదు, అక్క రాసినదాన్నే ఉండనిచ్చాను.

శుక్రవారం దాకా ఫోను మోగలేదు. మేనేజరు సారు అంతా చూసి, "అంత బాగనే ఉంది గని ఈ మజ్జిగేంది? బీమా కంపెనోళ్లకు ఏం సమజైతది?" అని నా వైపు కళ్లు పెద్దవి చేశారు. నేను వెన్ను ఇంకాస్త నిటారు చేసుకుని ఇక అయిపోయిందనుకున్నాను. "సార్," అంది అక్క, "పేరు నేను మారుస్త. మనిషిని మీరు మార్చకుండ్రి." నన్ను పర్మనెంటు చేశారు. ప్రోగ్రాంలో మజ్జిగ పోయి ఏదో ఇంగ్లీషు పేరు వచ్చింది. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

ఆదివారం ఊరికి పోయి, "నౌకరి పక్కా అయింది బాపూ. పీటలు అమ్మే పని లేదు," అన్నాను. ఎట్లా అయిందని బాపు అడిగాడు. గొప్పకు పోయి మజ్జిగ సంగతంతా చెప్పాను. అక్కడే నోరు మూసుకుని ఉండవలసింది. బాపు లేచి ఆ పీటల దగ్గరికి పోయాడు. "అంటే… మా అమ్మ చెప్పిందే ఖరే అన్నట్టు," అని ఫోను తీసుకున్నాడు. వాళ్లనూ వీళ్లనూ అడిగి, పోయినవాళ్ల పిల్లలవీ మనవలవీ నంబర్లు సంపాదించి, ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టాడు. "మీ తాత మా ఇంట్ల అన్నం మధ్యల లేసిపోయిండు. మళ్లొస్తడా?" ఓవర్సీయరు మనవడు "ఏ లోన్ కంపెనీ మీది?" అని ఫోను పెట్టేశాడు. ఎన్నికల్లో ఓడినాయన కొడుకు ఇంకా ఓట్ల సంగతనుకుని పోలీసులకు చెబుతానన్నాడు. మా మేనత్తకు అత్త కావలసినావిడ మాత్రం బతికే ఉంది. బాపు చెప్పిందంతా విని, "అయ్యో, అప్పుడు చెప్పనే లేదా? కోపంల యాది మర్సిన. గయితె ఇప్పుడు చెప్తాన్న, పోయొస్త," అంది. బాపు ఫోను పట్టుకునే లేచి నిలబడి, "మంచిది" అన్నాడు.

అడిగినా మళ్లీ వస్తామన్నవాళ్లెవరూ లేరు కాబట్టి, ఆ తర్వాతి ఆదివారం పీటలన్నీ కడిగి వేశారు. అక్కనూ చాయ్ భాయ్‌నూ భోజనానికి పిలిచాం. వరసలో మొదటి పీట, ఓవర్సీయరుది, అక్కకు వేశాం. ఆమె దాన్ని చేత్తో నిమిరి, ఏమీ అనకుండా కూర్చుంది. ఎన్నో ఏళ్ల తర్వాత నేనూ బాపూ మా పీటల మీద కూర్చున్నాం. తిన్నాక అక్క చేయి కడుక్కుని నేరుగా బాపు ఎదుటికి వచ్చి, సావిడి మారుమోగేటట్టు, "పోయొస్త బాపూ" అంది. బాపు లేచి నిలబడి మంచిది అనాలి. మోకాళ్లు లేవలేదు. నేనూ చాయ్ భాయ్ చెరొక రెక్కా పట్టి ఎత్తితే గాని ఆ మాట బయటికి రాలేదు. "మంచిది బిడ్డా," అన్నాడు రొప్పుతూ. వాళ్లు వెళ్లాక ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, మోకాళ్లు రుద్దుకుంటూ అన్నాడు. "ఇగ దుకాణపాయినకు ఫోన్ చెయ్. అవసరానికి అమ్మితే నామోషి. పరాయోళ్లయి అమ్మితే ఇంకా నామోషి. ఇప్పుడు మనయే, ఖాళీగున్నయ్. ఇందుల నామోషి ఏముంది?" నేను ఎంత వాదించినా వినలేదు. పీటలను కాపాడడానికి నేను రాసిన ప్రోగ్రామే వాటిని ఖాళీ చేయించింది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనే పని చెబుతాను. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని ఒక్కమాట చెప్పకుండా దిగిపోతారు. నాకింకా ఒళ్లు మండుతుంది. అందరూ పోయారనుకున్నాక, ఎందుకైనా మంచిదని, ఖాళీ కుర్చీల వైపు తిరిగి "ఎవలన్న ఉన్నరా?" అని ఒక కేక వేసి గాని దీపాలు ఆర్పను. వెన్నులో కట్టె పెట్టుకుని, ఎవరూ లేని చోట్లకు మూడు రోజులు కాపలా కాసిన ఆ కుర్రవాడు అప్పుడప్పుడూ ఆ కుర్చీల్లో ఒకదానిలో కనబడతాడు. వాడు చెప్పి పోలేదు, నేనూ వాడి పీట ఎత్తలేదు.

పీటలు పన్నెండూ ఆ నెలలోనే దుకాణం ఆయనకు అమ్మేశాం. వెండి పూలు వాటితో పోలేదు. వాటిని తాతగారే తన కాలంలో అమ్మేసి, ఆ చోట తగరం కొట్టించారు.